ఒకే రోడ్డు, రెండు వేగాలు: సైకిలిస్టుకూ వాహనదారుకూ మధ్య తగవు

సైకిల్‌ తొక్కేవారికీ మోటారు వాహనాలు నడిపేవారికీ మధ్య రోడ్డు మీద జరిగే తగవు మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది: చోటు ఎవరిది, వేగం ఎంత, దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది. వెనక నుంచి ఆగకుండా మోగే హారన్‌, మోచేతికి రాసుకున్నంత దగ్గరగా దూసుకుపోయే బస్సు, కారు అద్దం దించి తిట్టే తిట్లు, ఎర్రలైటు పడినా ఆగని సైకిల్‌, చీకట్లో దీపం లేకుండా ఎదురొచ్చే సైకిల్‌... పైకి ఇవన్నీ మనుషుల మర్యాదకు సంబంధించిన సంగతులుగా కనిపిస్తాయి. రోడ్డు నమూనా గీసేటప్పుడు, వేగ పరిమితి ఖరారు చేసేటప్పుడు, చట్టం రాసేటప్పుడు తీసుకున్న నిర్ణయాలే వీటిలో చాలావాటికి మూలం. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవారినీ 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవారినీ ఒకే వరుసలోకి నెట్టి, మీరే సర్దుకోండని వదిలేసిన చోటల్లా ఈ తగవు రేగుతూనే ఉంది. చోటును, వేగాన్ని, బాధ్యతను స్పష్టంగా పంచిన దేశాల్లో అది తగ్గింది.

తొక్కేది ఎవరు?

భారతదేశంలో ఇది ఇద్దరు సమానుల మధ్య తగవు కాదు. 2011 జనగణన ప్రకారం దేశంలో దాదాపు 45 శాతం కుటుంబాలకు సైకిల్‌ ఉంది. కారో, జీపో, వ్యానో ఉన్న కుటుంబాలు ఐదు శాతంలోపే. వ్యవసాయం, కుటీర పరిశ్రమలు కాకుండా ఇతర పనులు చేసుకునేవారిలో సైకిల్‌పై పనికి వెళ్లేవారు రెండున్నర కోట్లకు పైగా ఉన్నారని ఆ జనగణనే తేల్చింది. అంటే సుమారు ఎనిమిది మందిలో ఒకరు. ఆ తర్వాతి కాలంలో నగరాల్లో ద్విచక్రవాహనాలు బాగా పెరిగాయి. అయినా పాలు పోసేవారు, ఇంటింటికీ పేపర్‌ వేసేవారు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్‌లు, భవన నిర్మాణ కూలీలు, చిన్న కార్ఖానాల కార్మికులు, క్యారియర్‌కు సామాను కట్టుకుని వీధివీధీ తిరిగి అమ్ముకునేవారు ఇప్పటికీ సైకిల్‌ మీదే బతుకు వెళ్లదీస్తున్నారు. పెట్రోలు పోయించే స్తోమత లేక, బస్సు వచ్చే వేళకు ముందే పనిలో ఉండాల్సి వచ్చి, బస్సే రాని బస్తీలో ఉండి సైకిలెక్కేవారు వీరంతా. ఇష్టం ఉన్నా లేకున్నా వీరు రోజూ ఆ రోడ్డు ఎక్కక తప్పదు.

రెండో వర్గం బడి పిల్లలు. బిహార్‌ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పథకం ఫలితాలపై కార్తీక్‌ మురళీధరన్‌, నిశీత్‌ ప్రకాశ్‌ అనే ఆర్థికవేత్తలు పరిశోధన చేశారు. ఆ వయసు బాలికలు హైస్కూల్లో చేరడం సుమారు మూడో వంతు పెరిగిందని, బాలబాలికల మధ్య అంతరం 40 శాతం మేర తగ్గిందని తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచారు. ప్రభుత్వం చేతికి సైకిల్‌ ఇచ్చింది సరే, ఆ అమ్మాయి బడికి వెళ్లే దారి మాత్రం లారీలు తిరిగే రహదారే అయింది. సైకిల్‌ ఇచ్చే శాఖ వేరు, రోడ్డు వేసే శాఖ వేరు కావడంతో ఆ దారి సంగతి ఎవరి లెక్కలోకీ రాలేదు.

మూడో వర్గం ఆరోగ్యం కోసం, వ్యాయామం కోసం తొక్కేవారు. సంఖ్యలో తక్కువైనా వీరి గొంతు వినిపిస్తుంది. పర్యావరణవేత్త సునీతా నారాయణ్‌ను 2013 అక్టోబరులో ఢిల్లీ ఎయిమ్స్‌ దగ్గర ఓ కారు ఢీకొట్టి ఆగకుండా వెళ్లిపోయింది. ఇంటెల్‌ ఇండియా మాజీ అధిపతి అవతార్‌ సైనీ 2024 ఫిబ్రవరిలో నవీ ముంబయిలో సైకిల్‌పై వెళ్తూ క్యాబ్‌ ఢీకొని మరణించారు. అలాంటి ఘటనలప్పుడే దేశం సైకిలిస్టుల భద్రత గురించి కొద్ది రోజులు మాట్లాడుకుంటుంది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో సైకిల్‌పై ఉన్నవారు 4,800 మందికి పైగా. రోజుకు సగటున 13 మంది. వారిలో చాలామంది మరణం జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్తతో సరి.

బరువు, వేగం, వెడల్పు

తగవుకు అసలు కారణం భౌతికశాస్త్రంలో ఉంది. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుంటే, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు ఉండే గతిజశక్తి చాలా స్వల్పం. 1,200 కిలోల కారు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దాని గతిజశక్తి అంతకు 160 రెట్లకు పైనే. బరువు పదిహేను రెట్లు కావడం ఒక ఎత్తయితే, వేగం పెరిగిన కొద్దీ శక్తి దాని వర్గం చొప్పున పెరగడం మరో ఎత్తు. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉంటే, ఎదుట ఏముందో గుర్తించి బ్రేకు మీద కాలు వేసే ఒక్క సెకనులోనే 14 మీటర్లు ముందుకు పోతుంది. అందుకే 30 కిలోమీటర్ల వేగంతో తగిలిన దెబ్బకు మనిషి బతికి బయటపడే అవకాశం చాలా ఎక్కువ. 50 దాటితే ఆ అవకాశం వేగంగా పడిపోతుంది. పొరపాటు ఎవరిదైనా శరీరానికి దెబ్బ తగిలేది ఒక్క వైపే. ఈ ఒక్క వాస్తవం చాలు, రెండు పక్షాలనూ ఒకే తూకంలో తూచలేమని చెప్పడానికి.

రెండో కారణం వెడల్పు. మన నగర రహదారుల్లో ఒక వరుస వెడల్పు సాధారణంగా మూడున్నర మీటర్లు. బస్సు వెడల్పు రెండున్నర మీటర్లు. మిగిలేది ఒక మీటరు. సైకిల్‌ హ్యాండిల్‌ వెడల్పే అరమీటరు దాటుతుంది. తొక్కేటప్పుడు అటూ ఇటూ ఊగడానికి మరికొంత జాగా కావాలి. ఎత్తు ఎక్కేటప్పుడు, క్యారియర్‌పై బరువున్నప్పుడు ఆ ఊగు ఇంకా ఎక్కువ. అంటే ఒకే వరుసలో బస్సూ సైకిలూ పక్కపక్కన క్షేమంగా పట్టవు. ఇద్దరిలో ఒకరు ఆగాలి, లేదా ఒకరు ప్రాణాపాయాన్ని భరించాలి. ప్రతిసారీ భరిస్తున్నది సైకిలిస్టే.

‘ఎడమ పక్కకు జరిగి పోవచ్చు కదా’ అనేది వాహనదారులు తరచూ అనే మాట. ఎడమ అంచున ఏముందో చూస్తే సమాధానం దొరుకుతుంది. తారుకూ మట్టికీ మధ్య నాలుగైదు అంగుళాల దిగుడు. వానకు కొట్టుకొచ్చిన ఇసుక. పగిలిన మ్యాన్‌హోల్‌ మూత, చక్రం ఇరుక్కునేంత సందులున్న డ్రైనేజీ జాలీ. వరుసగా నిలిపిన కార్లు. ప్రయాణికుల కోసం ఆగిన ఆటో, రాంగ్‌ రూట్‌లో ఎదురొచ్చే మోటార్‌ సైకిల్‌. నిలిపి ఉన్న కారు పక్క నుంచి వెళ్తున్నప్పుడు దాని తలుపు ఒక్కసారిగా తెరుచుకుంటే తప్పించుకునే వ్యవధి ఉండదు. తప్పించుకోబోయి కుడికి పడితే వెనక వచ్చే వాహనం కింద పడాలి. అందుకే అనుభవం ఉన్న సైకిలిస్టు అంచుకు ఒక మీటరు దూరం వదిలి తొక్కుతాడు. వెనకున్న డ్రైవరుకు అది పొగరుగా, దారి ఇవ్వకపోవడంగా కనిపిస్తుంది. తొక్కేవారికి అది పడిపోకుండా కాపాడుకునే జాగ్రత్త.

కూడళ్ల దగ్గర ప్రమాదం మరింత పెరుగుతుంది. సైకిల్‌ను ఓవర్‌టేక్‌ చేసిన బస్సు యాభై గజాల్లో బస్టాపు రాగానే ఎడమకు కోసుకొస్తుంది. సైకిలిస్టు బస్సుకూ కాలిబాట అంచుకూ మధ్య ఇరుక్కుంటాడు. ఎడమకు తిరిగే లారీ డ్రైవరుకు తన క్యాబిన్‌ పక్కనే, కింద ఉన్న సైకిల్‌ అద్దంలో కనిపించదు. ముందు చక్రం మలుపు తీసుకున్నాక వెనక చక్రం అంతకంటే లోపలి వైపుగా కోసుకుంటూ వస్తుంది. సైకిల్‌ దాని కిందికి పోవడానికి రెండు మూడు సెకన్లు చాలు. ఇక్కడ డ్రైవరు దుర్మార్గుడు కానక్కర్లేదు. ఆ కూడలిని అలా కట్టడమే కారణం.

రెండు వైపుల ఫిర్యాదులు

వాహనదారుల ఫిర్యాదుల్లో కొన్ని న్యాయమైనవే. దీపం గానీ రిఫ్లెక్టర్‌ గానీ లేని సైకిల్‌ రాత్రిపూట హెడ్‌లైటు వెలుగులోకి వచ్చేసరికే ఆలస్యమవుతుంది. చేయి చూపకుండా మలుపు తిరిగేవారు, సిగ్నల్‌ను లెక్క చేయనివారు, చెవుల్లో ఇయర్‌ఫోన్‌ పెట్టుకుని తొక్కేవారు తమకే కాక ఇతరులకూ ముప్పు తెస్తారు. ఒకప్పుడు సైకిల్‌కు దీపం లేదని, డబుల్స్‌ పోతున్నారని పోలీసులు పట్టుకునేవారు. పట్టణాల్లో మునిసిపాలిటీలు సైకిల్‌కు పన్ను కట్టించుకుని బిళ్ల ఇచ్చేవి. ఆ పట్టింపులు పోయాక కొత్తగా నేర్పించే ఏర్పాటు ఏదీ రాలేదు. రోడ్డు నియమాలను బడిలో ఒక అభ్యాసంగా నేర్పడం మన దగ్గర అరుదు.

రాంగ్‌ రూట్‌ ఫిర్యాదును మాత్రం కాస్త దగ్గరగా చూడాలి. జాతీయ రహదారి ఊరి మధ్య నుంచి పోతున్న చోట సైకిల్‌పై పొలానికో బడికో వెళ్లాల్సిన మనిషి అవతలి వైపుకు చేరాలంటే డివైడర్‌లో సందు కోసం వెతకాలి. అది కిలోమీటరున్నర దూరంలో ఉంటే పోనూ రానూ మూడు కిలోమీటర్లు ఎక్కువ తొక్కాలి. మోటారుకు ఆ దూరం రెండు మూడు నిమిషాలు. ఎండలో బరువు మోస్తూ తొక్కేవారికి అది పావుగంట చెమట. సర్వీస్‌ రోడ్డు సగంలో ఆగిపోయిన చోట కూడా ఇదే పరిస్థితి. ఎదురు దిశలో వెళ్లడం ముమ్మాటికీ ప్రమాదకరమే. కానీ ఒకే చోట రోజూ పదుల మంది అదే తప్పు చేస్తున్నారంటే, అక్కడ దాటే దారి లేదన్నది ఇంజినీరు గుర్తించాల్సిన సంగతి.

‘సైకిల్‌వాళ్లు పన్ను కట్టరు, రోడ్డు మీద హక్కెక్కడిది’ అనే వాదన మాత్రం నిలవదు. నగర రోడ్లు ఎక్కువగా ఆస్తి పన్ను, ప్రభుత్వ నిధులు, గ్రాంట్లతో వేస్తారు. ఆ ఖజానాలోకి అద్దెల రూపంలోనూ కొనుగోళ్ల రూపంలోనూ పేదల సొమ్మూ చేరుతుంది. సైకిల్‌ కొన్నవారు జీఎస్టీ కడుతూనే ఉన్నారు. 2025 సెప్టెంబరు వరకు అది 12 శాతం, ఇప్పుడు 5 శాతం. రోడ్డు అరుగుదల లెక్క చూస్తే ఈ వాదన ఇంకా బలహీనపడుతుంది. అమెరికాలోని ఇల్లినాయ్‌లో 1950ల చివర జరిపిన భారీ ప్రయోగంలో, ఇరుసు మీది బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు పదహారు రెట్లు అవుతుందని తేలింది. ఆ లెక్కన సైకిల్‌ వల్ల రోడ్డుకు జరిగే నష్టం లెక్కలోకి రానంత తక్కువ. సైకిల్‌ ఆక్రమించే జాగా తక్కువ, వదిలే పొగ శూన్యం. ఒక కారు తగ్గి ఒక సైకిల్‌ పెరిగితే ట్రాఫిక్‌లో చిక్కుకున్న కారువారికే మేలు.

నిషేధించిన నగరం, కట్టి కూల్చిన నగరం

భారతీయ నగరాలు ఈ తగవుకు చూపిన పరిష్కారాల్లో మొదటిది నిషేధం. కోల్‌కతా పోలీసులు 2013లో ఏకంగా 174 రోడ్లపై సైకిళ్లను నిషేధించారు. ట్రాఫిక్‌ వేగంగా కదలడం లేదన్నది వారు చూపిన కారణం. పాలు, చేపలు, పేపర్లు వేసేవారు, చిన్న వర్తకులు ఎక్కువ దూరం చుట్టి వెళ్లాల్సి వచ్చింది. పట్టుబడితే కట్టే జరిమానా చాలామందికి ఆ రోజు సంపాదనలో పెద్ద భాగం. ప్రజా సంఘాల నిరసనల తర్వాత ఆ రోడ్ల సంఖ్యను తగ్గించారు గానీ, నెమ్మదిగా వెళ్లేవారిని తొలగిస్తే రోడ్డు బాగుపడుతుందన్న ఆలోచన మాత్రం పోలేదు. కొత్త ఫ్లైఓవర్లపై, ఎక్స్‌ప్రెస్‌ వేలపై సైకిళ్లకు ప్రవేశం లేదనే బోర్డులు దేశమంతటా ఉన్నాయి. వారికి వేరే దారి చూపించే బోర్డులే కనిపించవు.

రెండో ప్రయత్నం చోటు పంచడం. దానికి ప్రముఖ ఉదాహరణ ఢిల్లీ బస్‌ ర్యాపిడ్‌ ట్రాన్సిట్‌ (బీఆర్‌టీ) కారిడార్‌. అంబేడ్కర్‌ నగర్‌ నుంచి మూల్‌చంద్‌ దాకా 5.8 కిలోమీటర్ల దూరం బస్సులకు మధ్యలో ప్రత్యేక వరుసలు, అంచున సైకిళ్లకు వేరు మార్గం, ఆ పక్కన కాలిబాట వేసి 2008లో ప్రారంభించారు. ఢిల్లీ ఐఐటీ రవాణా పరిశోధకులు దినేశ్‌ మోహన్‌, గీతం తివారీల ఆలోచన దీని వెనక ఉంది. సైకిళ్లు ఎలాగూ రోడ్డు మీదే ఉంటాయి, వాటికి చోటు ఇవ్వకపోతే ఎడమ వరుసంతా వాటికే పోతుంది, వేరు చేస్తే మోటారు వాహనాలకూ ఆ వరుస పూర్తిగా దక్కుతుందన్నది వారి వాదన. కార్లకు చోటు తగ్గిందని మొదటి రోజు నుంచే విమర్శలు హోరెత్తాయి. బస్సు వరుసల్లోకి ఇతర వాహనాలనూ అనుమతించాలని కోర్టుకెక్కారు. 2012లో ఢిల్లీ హైకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. అయినా కారిడార్‌ బతకలేదు. 2016లో దాన్ని తొలగించారు. కూడళ్ల దగ్గర సిగ్నల్‌ వ్యవధుల వంటి లోపాలు అందులో ఉన్న మాట నిజం. వాటిని దిద్దే బదులు మొత్తాన్నే తీసేయడంతో సైకిలిస్టులు మళ్లీ బస్సుల మధ్యకు వచ్చారు.

మూడో ప్రయత్నం, విహారానికి ట్రాక్‌ వేయడం. హైదరాబాద్‌ ఔటర్‌ రింగ్‌ రోడ్డు పక్కన నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు పరిసరాల్లో 23 కిలోమీటర్ల సైకిల్‌ ట్రాక్‌ను 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. పైన సౌరఫలకాల కప్పు, దాని నుంచి 16 మెగావాట్ల విద్యుత్తు. ఎండావానల నుంచి రక్షణ, వాహనాల నుంచి పూర్తి ఎడం ఉన్న ఇలాంటి నిర్మాణం దేశంలో అరుదు. దాన్ని చూసి సైకిల్‌ కొన్నవారు ఎందరో ఉన్నారు. కానీ దాని చివర ఎవరి పనిచోటూ లేదు. ఇంటి నుంచి ట్రాక్‌ దాకా చేరాలంటే మళ్లీ అవే వాహనాల మధ్య తొక్కాలి, లేదా సైకిల్‌ను కారుకు కట్టుకుని తీసుకెళ్లాలి. పాతబస్తీలో, కూకట్‌పల్లిలో, పటాన్‌చెరు కార్ఖానాల దారిలో రోజూ తొక్కేవారికి ఆ ట్రాక్‌ అందదు.

కొవిడ్‌ కాలంలో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ నడిపిన ‘సైకిల్స్‌ ఫర్‌ ఛేంజ్‌’ పోటీలో వందకు పైగా నగరాలు పాల్గొన్నాయి. చివరికి ఎంపికైన 11 నగరాల్లో వరంగల్‌ ఒకటి. రంగు గీతలు, ప్లాస్టిక్‌ బొల్లార్డులతో తక్కువ ఖర్చులో ప్రయోగాలు చేసి చూడటం ఆ పోటీ ఉద్దేశం. అలాంటి ప్రయోగాల బలహీనత తెలిసిందే. గీత వాహనాన్ని ఆపలేదు. కొద్ది నెలల్లో రంగు వెలుస్తుంది, ఆ చోటు పార్కింగ్‌ అవుతుంది. ఖాళీ ట్రాక్‌ను చూపించి ‘సైకిళ్లు ఎవరు తొక్కుతున్నారు’ అని అడగడం మొదలవుతుంది. తెగిపోయిన ట్రాక్‌ మీద ఎవరూ రాకపోవడం సహజం. వంతెన సగం కట్టి, దాటేవారు లేరనడం లాంటిదే ఇది.

నెదర్లాండ్స్‌ నడిచిన దారి

సైకిళ్ల దేశంగా పేరున్న నెదర్లాండ్స్‌ మొదటి నుంచీ అలా లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడా కార్లు వెల్లువెత్తాయి. నగరాల్లో ఇళ్లు కూల్చి రోడ్లు వెడల్పు చేశారు, సైకిల్‌ వాడకం ఏటేటా పడిపోయింది. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. అలా కూతురిని పోగొట్టుకున్న పాత్రికేయుడు విక్‌ లాంగెన్‌హాఫ్‌ 1972లో పత్రికలో రాసిన వ్యాసం పెద్ద ఉద్యమానికి పేరు పెట్టింది: ‘పిల్లల హత్యలు ఆపండి’. తల్లిదండ్రులు, పిల్లలు రోడ్లపై బైఠాయించారు, ప్రమాదాలు జరిగిన వీధులను మూసేశారు. 1973 చమురు సంక్షోభం వచ్చి ప్రభుత్వం ఆదివారాలు కార్లను ఆపేయాల్సి రావడంతో, కార్లు లేని రోడ్డు ఎలా ఉంటుందో జనం కళ్లారా చూశారు.

ఆ తర్వాత జరిగింది ఓపికగా చేసిన పని. 1970ల మధ్యలో టిల్‌బర్గ్‌, హేగ్‌ నగరాల్లో ప్రభుత్వం ఒక్కో ప్రదర్శన మార్గం వేసి చూసింది. మార్గం పక్కన ఉన్నవారే వాడుకున్నారు గానీ, నగరం మొత్తంలో సైకిల్‌ ప్రయాణాలు ఆశించినంత పెరగలేదు. ఆ పాఠంతో డెల్ఫ్ట్‌ నగరంలో ఒక్క దారి బదులు ఊరంతా అల్లుకున్న మార్గాల వలను నిర్మించారు. అది ఫలించింది. 1990లలో దేశం మొత్తానికి ఒక సూత్రం ఖాయమైంది: మనిషి తప్పు చేస్తాడు, ఆ తప్పుకు ప్రాణం పోకుండా రోడ్డును కట్టాలి. దాని ప్రకారం ప్రతి రోడ్డుకూ ఒకే ప్రధాన పని ఉండాలి. వేగంగా దూరం పోయే రోడ్డు అయితే సైకిల్‌కు వేరు మార్గం తప్పనిసరి. ఇళ్ల మధ్య వీధి అయితే అందరూ కలిసి వెళ్లవచ్చు, వేగం 30 దాటకూడదు. నేడు ఆ దేశంలో ప్రయాణాల్లో నాలుగో వంతుకు పైగా సైకిల్‌పైనే సాగుతున్నాయి.

అక్కడ సమస్యలు పూర్తిగా తీరాయని కాదు. 2022లో నెదర్లాండ్స్‌లో 291 మంది సైకిలిస్టులు చనిపోయారు. వృద్ధులు ఎక్కువగా తొక్కడం, విద్యుత్‌ సైకిళ్ల వాడకం పెరగడం అందుకు ముఖ్య కారణాలు. సైకిల్‌ మార్గంలోనే నెమ్మదివారికీ వేగంవారికీ మధ్య కొత్త తగవు పుట్టింది. వేగాల మధ్య తేడా ఎక్కడుంటే అక్కడ తగవు ఉంటుందనడానికి ఇది మరో రుజువు.

వేరు మార్గాలపై సైకిలిస్టుల్లోనే భిన్నాభిప్రాయం ఉండేది. బ్రిటన్‌లో 1934లో లండన్‌ వెస్ట్రన్‌ అవెన్యూ పక్కన తొలి సైకిల్‌ ట్రాక్‌ వేసినప్పుడు అక్కడి ప్రధాన సైకిలిస్టుల సంఘమే వ్యతిరేకించింది. ట్రాక్‌ నెపంతో తమను ప్రధాన రోడ్డు నుంచి తరిమేస్తారన్నది వారి భయం. నాసిరకం ట్రాక్‌ వేసి, ప్రధాన రోడ్డు మీద నిషేధం పెడితే ఆ భయం నిజమవుతుంది. అందుకే ట్రాక్‌ వేయడం ఎంత ముఖ్యమో, రోడ్డు మీద సైకిల్‌ హక్కును నిలబెట్టడమూ అంతే ముఖ్యం.

బాధ్యత ఎవరిది?

నెదర్లాండ్స్‌ రోడ్డు రవాణా చట్టంలోని 185వ అధికరణం ప్రకారం, మోటారు వాహనం సైకిలిస్టునో పాదచారినో ఢీకొంటే నష్టపరిహారం బాధ్యత మొదట వాహన యజమానిదే. తప్పించుకోలేని పరిస్థితి ఏర్పడిందని రుజువు చేసే భారం కూడా యజమానిదే. బాధితులు పద్నాలుగేళ్లలోపు పిల్లలైతే దాదాపు ప్రతిసారీ పూర్తి పరిహారం చెల్లించాలి. పెద్దవారైతే వారి వైపు తప్పున్నా కనీసం సగం చెల్లించాలని కోర్టు తీర్పులు స్థిరపరిచాయి. ఇది జైలు శిక్షకు సంబంధించిన నేరబాధ్యత కాదు, పరిహారానికి, బీమాకు సంబంధించింది. ప్రమాదకరమైన బరువునూ వేగాన్నీ రోడ్డు మీదికి తెచ్చినవారు ఆ ప్రమాదానికి పూచీ పడాలన్నది దీని నీతి. బ్రిటన్‌ 2022లో తన హైవే కోడ్‌ను మార్చి, ఎక్కువ హాని చేయగలవారికి ఎక్కువ బాధ్యత అనే క్రమాన్ని చేర్చింది. సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం 1.5 మీటర్ల ఎడం ఉండాలని చెప్పింది. జర్మనీలో ఆ ఎడం ఊళ్లలో 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు.

భారత చట్టంలో ఆ స్ఫూర్తి కొంత ఉంది, ఆచరణలోకి పూర్తిగా రాలేదు. 2017 మోటారు వాహనాల డ్రైవింగ్‌ నిబంధనలు పాదచారులు, సైకిలిస్టులు, పిల్లలు, వృద్ధుల పట్ల డ్రైవర్లు ప్రత్యేక జాగ్రత్త చూపాలని చెబుతాయి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్‌ కింద ఎవరి తప్పన్నది రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షల రూపాయల పరిహారం పొందవచ్చు. ఢీకొట్టి పారిపోయిన కేసుల్లో మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50 వేలు. అంతకు మించి కావాలంటే ట్రిబ్యునల్లో డ్రైవరు నిర్లక్ష్యాన్ని బాధితుల వైపే రుజువు చేయాలి. చనిపోయిన సైకిలిస్టు తన వైపు కథ చెప్పలేడు. సాక్షులు దొరకరు. సైకిలిస్టు తప్పు కూడా కొంత ఉందని తేలితే ఆ మేరకు పరిహారం కోసేస్తారు. రోజు కూలీ కుటుంబానికి ఈ పోరాటం ఏళ్ల తరబడి నడుస్తుంది.

అదే సవరణ రాష్ట్రాలకు మరో రెండు అధికారాలు ఇచ్చింది. మోటారు లేని వాహనాలు, పాదచారుల రాకపోకలకు నియమాలు చేయడం 138(1ఎ) సెక్షన్‌ కిందికి వస్తుంది. జాతీయ రహదారులు కాని రోడ్ల రూపకల్పన, నిర్మాణ ప్రమాణాలను నిర్ణయించడం 210డి కిందికి వస్తుంది. ఏళ్లు గడిచినా రాష్ట్రాలు కదలకపోవడంతో 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో ఈ నియమాలు రూపొందించాలని ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణలకు ఇదొక అవకాశం. ఆ నియమాలు సైకిళ్లను ఏ రోడ్డు మీది నుంచి తొలగించాలో చెప్పే జాబితాగా మిగిలిపోకూడదు. ఏ రోడ్డు మీద ఏ చోటు వారిదో చెప్పాలి.

చేయాల్సిన పనులు

మొదటిది వేగం. 2018లో కేంద్రం నోటిఫై చేసిన పరిమితుల ప్రకారం పురపాలక పరిధిలో కార్ల గరిష్ఠ వేగం గంటకు 70 కిలోమీటర్లు. రాష్ట్రాలు, స్థానిక అధికారులు దాన్ని తగ్గించుకోవచ్చు. వాహనాలూ మనుషులూ కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్లే పరిమితి కావాలని 2020 ఫిబ్రవరిలో ప్రపంచ దేశాల స్టాక్‌హోమ్‌ ప్రకటన కోరింది. స్పెయిన్‌ 2021లో దిశకు ఒకే వరుస ఉన్న నగర వీధులన్నింటికీ ఆ పరిమితి పెట్టింది. బడులు, బస్తీలు, బజార్ల దగ్గర అది మన నగరాలకూ సాధ్యమే. బోర్డు పెట్టినంత మాత్రాన వేగం తగ్గదు. దారి సన్నబడటం, ఎత్తు చేసిన క్రాసింగ్‌లు, పదునైన మలుపులు డ్రైవరు కాలిని బ్రేకు మీద ఉంచుతాయి.

రెండోది ఎడం. వేగం తగ్గించలేని ప్రధాన రోడ్ల మీద సైకిల్‌కు రెండు మీటర్లకు తగ్గకుండా, గట్టు కట్టి వేరు చేసిన, మధ్యలో తెగిపోని మార్గం కావాలి. దానికి ఇండియన్‌ రోడ్స్‌ కాంగ్రెస్‌ ప్రమాణాలు ఇప్పటికే ఉన్నాయి. బస్టాపు వచ్చినప్పుడు ఆ మార్గం బస్టాపు వెనక నుంచి పోవాలి. కూడలి దగ్గర ఎడమ మలుపు విశాలంగా ఉండకుండా చూడాలి, సిగ్నల్‌ దగ్గర సైకిళ్లు వాహనాలకు ముందు నిలిచే చోటు ఇవ్వాలి. ఎక్కడ మొదలుపెట్టాలన్నది కూడా ముఖ్యమే. ఇప్పుడు ఎక్కువ మంది సైకిళ్లపై వెళ్తున్న పారిశ్రామికవాడల దారులు, హైస్కూళ్ల దారులు, మార్కెట్ల దారులు ముందు రావాలి. జాతీయ రహదారులపై ఊళ్ల దగ్గర తెగని సర్వీస్‌ రోడ్డు, అండర్‌పాస్‌ లేకుండా రోడ్డు పనిని పూర్తయినట్లు లెక్కించకూడదు.

మూడోది నడవడిక. దాటేటప్పుడు 1.5 మీటర్ల ఎడం అనే స్పష్టమైన అంకె రాష్ట్ర నియమాల్లోకి రావాలి, డ్రైవింగ్‌ లైసెన్సు పరీక్షలో దాన్ని అడగాలి. సైకిల్‌ మార్గంలో పార్కింగ్‌కు జరిమానా ఆ రోజే పడాలి. సైకిలిస్టులు రాత్రి దీపం పెట్టుకోవాలి, తమ వైపునే వెళ్లాలి, సిగ్నల్‌ పాటించాలి. కూలీలకు, విద్యార్థులకు దీపాలు, రిఫ్లెక్టర్‌ పట్టీలు ఉచితంగా పంచడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. సైకిల్‌ ఇచ్చే పథకం ఏదైనా దానితో పాటు తొక్కే శిక్షణ, క్షేమంగా వెళ్లే దారి కూడా ఇవ్వాలి.

నాలుగోది లెక్క. ప్రమాదం జరిగిన చోట రోడ్డు లోపాన్ని కూడా పోలీసు నివేదికలో నమోదు చేయాలి. డ్రైవరు పేరుతో విచారణ ముగిస్తే అదే కూడలిలో మరొకరు చనిపోతారు. సైకిలిస్టుల సంఖ్య పెరిగితే ప్రమాదాలు అదే నిష్పత్తిలో పెరగవని పరిశోధకుడు పీటర్‌ జాకబ్‌సెన్‌ 2003లో పలు దేశాల లెక్కలతో చూపించారు. తొక్కేవారు రెట్టింపైతే గాయపడేవారు మూడో వంతు మాత్రమే పెరిగారు. డ్రైవర్ల కళ్లకు సైకిల్‌ అలవాటవడం అందుకు ఒక కారణమని ఆయన భావించారు. సైకిళ్లు తగ్గే కొద్దీ మిగిలినవారి మీద ముప్పు పెరుగుతుందని కూడా దీని అర్థం. మన నగరాలు ఇప్పుడు సరిగ్గా ఆ దశలో ఉన్నాయి.

వాహనాలను కాకుండా మనుషులను చేరవేయడమే లక్ష్యం కావాలని, రోడ్డు జాగాను ఆ లెక్కన పంచాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. సైకిలిస్టుకూ వాహనదారుకూ మధ్య తగవును తీర్చే సూత్రం అప్పటి నుంచీ ప్రభుత్వ కాగితాల్లోనే ఉంది. దాన్ని టెండరు పత్రాల్లోకి, రోడ్డు నమూనాల్లోకి, బడ్జెట్‌ పద్దుల్లోకి తేవాల్సింది రాష్ట్ర ప్రభుత్వాలు, నగరపాలక సంస్థలు. ఆ పని చేయకుండా ఇద్దరికీ ఓర్పు బోధించడం వల్ల ఒక్క ప్రాణమూ దక్కదు.